ఇటివ్వు మాస్టారు

ఆ వేసవిలో నేను మా ఆయన క్లాసులో విద్యార్థినిగా చేరాను. మొదటి రోజే క్లాసంతా నవ్వింది. బోర్డు మీద ఆయన వేసిన అంకె సరిగా ఆనక, చెయ్యెత్తి, "ఏమండీ, అది మూడా ఎనిమిదా?" అని అడిగాను. అడిగాక నాలుక కరుచుకున్నాను కానీ అప్పటికే ఆలస్యమైంది. ముందు బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి, ముఖంలో ఏ భావమూ లేకుండా, "ఏమండీ సార్, ఆ అంకె మీద నాక్కూడా డౌటుంది" అన్నాడు.

అతణ్ణి అందరూ డౌటు అనే పిలిచేవారు. అతని పక్కన కూర్చునే అమ్మాయి పేరు హాజరుపట్టీలో వేరే ఉండవచ్చు కానీ క్లాసుకు మాత్రం ఆమె పొడుగమ్మాయి. మిగిలిన వాళ్లు మరో ఐదుగురు. అందరూ కెమిస్ట్రీ ఒక్కటి తప్పి, వేసవి చివర జరిగే పరీక్షకు మళ్లీ కూర్చోబోతున్నవాళ్లే. నేనూ తప్పినదాన్నే. కాకపోతే వాళ్లు ఆ ఏడాది తప్పారు. నేను వాళ్లు పుట్టిన ఏడాది తప్పాను.

నేను ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో కౌంటర్ దగ్గర పనిచేసేదాన్ని. వచ్చినవాళ్ల పేరూ వయసూ రాసుకుని, అద్దం తలుపు చూపించి లోపలికి పంపడం నా పని. మధ్యలో దొరికే తీరికలో తత్త్వశాస్త్రం చదువుకునేదాన్ని. మనిషి దేన్నైనా ఎలా తెలుసుకుంటాడు అనే ఒక్క ప్రశ్న మీద కొన్ని వందల పేజీలు చదివాను కానీ, చుక్క రక్తంలో చక్కెర ఎంతుందో తలుపు అవతలి వాళ్లు ఎలా తెలుసుకుంటారో నాకు తెలియదు. ఒకరోజు డాక్టరుగారు కౌంటర్ దగ్గరకు వచ్చి, "టెక్నీషియన్ కోర్సులో మన ల్యాబ్ తరఫున ఒక సీటుందమ్మా. నీ వయసుకి ఈ ఏడాదే ఆఖరు. ఆ కెమిస్ట్రీ గట్టెక్కించి రా, లోపలికి తీసుకుంటాను" అన్నారు. కెమిస్ట్రీలో సగం మార్కులు లెక్కలవి. నన్ను వెనకటికి ముంచినవీ అవే.

మా ఆయన లెక్క చేస్తుంటే చూడవలసిందే. సుద్దముక్క ఎక్కడా తడబడదు. ఒక లైను కింద మరో లైను, గీత గీసినట్టు దిగుతుంది. చివర జవాబు చుట్టూ ఒక గడి కడతారు. అది చూస్తే ప్రపంచంలో తేలని సంగతి లేదనిపిస్తుంది. పిల్లల్ని బోర్డు దగ్గరకు పిలవరని కాదు, పిలుస్తారు. వచ్చినవాడు రెండు లైన్లు రాసి ఆగుతాడు. తల గోక్కుంటాడు. ఆయన ఊపిరి ఒకసారి తీసి వదిలి, చెయ్యి చాపి, "ఇటివ్వు" అంటారు. సుద్దముక్క చేతులు మారుతుంది. లెక్క పూర్తవుతుంది.

"అర్థమైందా?"

"అయింది సార్."

కాలేజీలో ఆయనకు ఇటివ్వు మాస్టారని పేరుందని డౌటు నాకు మెట్ల మీద చెప్పాడు. "మీకు చెప్పకూడదక్కా. కానీ మీకొక్కరికే తెలియకపోతే బాగుండదు కదా."

నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఇంట్లోనూ అదే పేరు చెల్లుతుంది. బిగుసుకున్న సీసా మూత, ముడిపడ్డ దారం, తెరుచుకోని ఫోను, బ్యాంకు కాగితం, దేనితో నేను రెండు నిమిషాలు కుస్తీ పట్టినా ఆయన చెయ్యి వచ్చేస్తుంది. విసుగుతో కాదు, ప్రేమతోనే. ప్రేమ కావడం వల్లనే దానికి పేరు పెట్టడం నాకు అంతకాలం చేతకాలేదు.

కొన్నాళ్లకు ఆయన ఒక చిన్న పరీక్ష పెట్టారు. అందులో ఒక ప్రశ్న: ఒక్క నీటి అణువు బరువెంత? దిద్దిన కాగితాలు పట్టుకుని క్లాసులోకి వచ్చి, వాటిని బల్ల మీద ఒక్కొక్కటిగా పరిచారు. తర్వాత మెల్లగా అన్నారు.

"మీ అందరి జవాబూ ఒకటే. ఒకటి పక్కన ఇరవై ఐదు అంకెలు. అన్ని గ్రాములు. నేను ఊరికే లెక్కేసి చూశాను. అది చందమామ బరువులో ఏడో వంతు. ఒక్క అణువు!"

మేం భాగించవలసిన చోట గుణించాం. ఎనిమిది మందిమీ. నేను జవాబు చుట్టూ గడి కూడా కట్టాను, ఆయన కట్టినట్టే.

"అందుకే సార్, నేను నీళ్లు తక్కువ తాగుతాను" అన్నాడు డౌటు.

ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన మాత్రం నవ్వలేదు. "మొన్న ఇదే లెక్క బోర్డు మీద చేస్తే అర్థమైందన్నారు కదా?"

"అర్థమైంది సార్. మీరు చేస్తున్నంతసేపూ చాలా బాగా అర్థమైంది" అన్నాడు డౌటు. ఈసారి వేళాకోళం లేదు.

పొడుగమ్మాయి వంతపాడింది. "మేం మొదలెడితేనే సార్, అదేదో వేరే సబ్జెక్టులా ఉంటుంది."

స్కూటర్ మీద ఇంటికి బయల్దేరాం. వెనక కూర్చుని నేను ఆ పిల్ల మాటే తలుచుకుంటున్నాను. అర్థం కావడం అనేది ఎవరికి జరిగే సంఘటన? ఆయన బోర్డు మీద రాస్తున్నప్పుడు ఆ గదిలో అర్థం కావడం అనేది జరుగుతూనే ఉంది, సందేహం లేదు. అయితే అది జరుగుతున్నది ఆయనకు. మేం దాని పక్కన కూర్చున్నాం, అంతే.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర మళ్లీ లెక్కలు ముందేసుకున్నాం. ఎదురుగా అత్తయ్య బఠాణీలు ఒలుస్తున్నారు. నేను ఒక లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆగాను. తల ఎత్తేసరికి ఆయన నా పెన్నుతో నా లెక్క పూర్తి చేస్తున్నారు.

"మళ్లీ నా పెన్ను లాక్కున్నారు!"

"లాక్కోలేదు. నువ్వే ఇచ్చావు."

"మీరు ఇటివ్వు అన్నారు, ఇచ్చాను."

"నేను అనలేదు. అమ్మా, అన్నానా?"

అత్తయ్య ఒక కాయ ఒలిచి, గింజలు గిన్నెలో రాల్చి, అప్పుడు తీర్పు చెప్పారు. "నువ్వు అనలేదురా. అనబోయే లోపే ఇదిగోండి అంటూ నీ చేతిలో పెట్టేసింది. రోజూ చూస్తున్నదే కదా."

ఇదిగోండి. నేను ఆ మాట అన్న సంగతి నాకే తెలియదు. అన్నేళ్లుగా ఆయన 'ఇటివ్వు' ఒక్కటే నాకు వినిపించింది. దానికి ముందు నడిచే నా మాట వినిపించలేదు. పెన్ను ఆగినచోట ఉండే ఆ ఖాళీలో కూర్చోవడం నాకు భయం. ఒక్క క్షణం కూడా అక్కడ నిలవలేక, ఆ ఖాళీని తీసుకెళ్లి ఆయన చేతిలో పెడుతున్నాను. ఆయన పాపం దాన్ని నింపి, గడి కట్టి, తిరిగి ఇస్తున్నారు. ఈ బేరంలో ఇద్దరికీ సుఖమే. అందుకే ఇన్నాళ్లు సాగింది.

"నా పెన్ను నాకివ్వండి" అన్నాను.

ఇచ్చారు. "సరే. మరి నేనేం చేయాలి?"

"ఏమీ చేయకండి."

"నువ్వు తప్పు చేస్తుంటే?"

"చేయనివ్వండి."

"ఎదురుగా కూర్చుని ఏమీ చేయకుండా ఎలా ఉంటారు ఎవరైనా?"

"అది మీ ప్రాబ్లం. సాల్వ్ చేసుకోండి."

అత్తయ్య బఠాణీల గిన్నె పక్కకు జరుపుకుంటూ నవ్వారు. "చేతుల మీద కూర్చోరా. చిన్నప్పుడు డాక్టరు దగ్గరకి తీసుకెళ్తే నిన్ను అలాగే కూర్చోబెట్టేదాన్ని. లేకపోతే ఆయన మెళ్లో గొట్టం పట్టుకుని, ఇటివ్వు ఇటివ్వు అని ఒకటే గోల."

మర్నాడు ఆయన క్లాసుకు పుస్తకం తేలేదు. బోర్డు మీద ఒకే వాక్యం రాశారు: ఈ గదిలో ఉన్న గాలి బరువెంత? రాసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, నడుచుకుంటూ వెనక్కి వచ్చి నా బెంచీలో కూర్చున్నారు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నారు.

"నువ్వు లే. వెళ్లు."

"నేనా?"

"నువ్వే. నా బెంచీ ఇది."

నేను బోర్డు దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. అంకెలు లేని లెక్క నేనెప్పుడూ చూడలేదు. ఇచ్చినవేవో, కనుక్కోవలసిందేదో చెప్పే వాక్యం లేదు. గది మాత్రం ఉంది.

"గాలికి బరువేంటి సార్?" అన్నాడు డౌటు. వెనక నుంచి జవాబు లేదు. "సార్?"

"సార్ లేరు" అంది పొడుగమ్మాయి, ఆయన వైపు చూస్తూనే. "అక్కా, ముందు ఎంతుంటుందో ఊహిద్దాం. నిన్నటిలా చందమామ రాకూడదు. నేను ఐదు కిలోలంటాను."

"అంతెక్కడ? మహా అయితే పావుకిలో" అన్నాడు డౌటు.

నేను రెండు ఊహలూ బోర్డు మూలన రాశాను. తర్వాత గది కొలవడం మొదలైంది. టేపు లేదు. ఒక కుర్రవాడు అడుగులు వేశాడు. ఫ్యాను ఆపి, పొడుగమ్మాయిని బెంచీ ఎక్కించి, చెయ్యెత్తించి, పైకప్పు ఇంకా ఎంత దూరముందో అంచనా కట్టాం. "ఈ ఎత్తుకి ఇన్నాళ్లకి ఒక ఉపయోగం దొరికింది" అందామె పైనుంచి. పొడవు ఎనిమిది మీటర్లు, వెడల్పు ఆరు, ఎత్తు మూడున్నర. లీటర్లలోకి మారిస్తే లక్షా అరవై ఎనిమిది వేలు. మోల్ అనేది మా లెక్కల్లో డజను లాంటి మాట. అణువుల్ని లెక్కపెట్టే మహా పెద్ద డజను. మామూలు వేడిలో ఏ వాయువైనా ఒక మోల్‌కు ఇరవై నాలుగు లీటర్ల చోటు పడుతుంది. భాగించాను. నిజంగా భాగించాలా అని నన్ను నేనే రెండుసార్లు అడిగి మరీ భాగించాను. ఏడు వేల మోల్స్ వచ్చాయి.

అక్కడ ఆగిపోయాను. ఒక మోల్ బరువు తెలియాలంటే ఆ పదార్థం ఫార్ములా తెలియాలి. నీటికి ఉంది, ఉప్పుకు ఉంది.

"గాలికి ఫార్ములా లేదక్కా" అన్నాడు డౌటు, నా మనసులోని మాటే.

ఆగిన ఫ్యాను కింద చెమట మెడ మీదుగా దిగుతోంది. బోర్డు మీద నా చివరి లైను కింద నల్లని ఖాళీ. దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. వెనక బెంచీ కిర్రుమంది. తిరిగి చూస్తే ఆయన సగం లేచి ఉన్నారు. కుడిచెయ్యి బయటికి వచ్చేసింది.

"ఇటి..." అన్నారు.

నా చెయ్యీ అప్పటికే చాచి ఉంది. వేళ్ల చివర సుద్దముక్క.

ఆయన నా చెయ్యి చూశారు. నేనూ చూసుకున్నాను.

"ఇటు... ఇటువైపు గాలి రావడం లేదు" అన్నారాయన. "కిటికీ తెరుస్తాను."

వెళ్లి కిటికీ తెరిచి, మాకు వీపు పెట్టి, బయటికి చూస్తూ నిలబడ్డారు. నేను చెయ్యి వెనక్కి తీసుకుని బోర్డు వైపు తిరిగాను. ఆ కిటికీ సంగతి ఆ తర్వాత మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

"గాలికి ఫార్ములా లేదు" అన్నాను, పైకే. "కానీ గాలి అంటే ఏంటి? ఎక్కువ నైట్రోజన్, కొంచెం ఆక్సిజన్. ఐదింటిలో నాలుగు నైట్రోజన్ అణువులనుకుందాం. ఒకటి ఆక్సిజన్."

"మోల్ బరువులు తెలుసు కదా, నైట్రోజన్‌వి ఇరవై ఎనిమిదులు నాలుగు, ఆక్సిజన్‌ది ముప్పై రెండు ఒకటి" అంది పొడుగమ్మాయి. "సగటు కట్టొచ్చు!"

"క్లాస్ యావరేజ్ లాగానా?" అన్నాడు డౌటు.

"మన క్లాస్ యావరేజ్‌తో పోల్చకు, గాలి పరువు పోతుంది."

సగటు ఇరవై తొమ్మిది గ్రాముల దగ్గర తేలింది. ఏడు వేలతో గుణించి, కిలోల్లోకి మార్చి, నేనే నమ్మలేక వెనక్కి రెండడుగులు వేశాను. రెండు వందల మూడు కిలోలు.

"పోయింది" అన్నాడు డౌటు. "మళ్లీ చందమామ."

ఏడు తలలూ ఒక్కసారిగా కిటికీ వైపు తిరిగాయి. "సార్, రైటేనా?"

ఆయన ఇటు తిరగలేదు. "నన్నడుగుతారేంటి? గాలి మీ దగ్గరే ఉంది."

పొడుగమ్మాయి నోట్సు మీద ఏదో గీసుకుంది. కాసేపటికి, "ఇరవై నాలుగు లీటర్లకి ఇరవై తొమ్మిది గ్రాములంటే లీటరుకి గ్రాము పైమాటే. గ్రాము అంటే ఏమీ లేనట్టే కదా, నమ్మొచ్చు. అలాంటి లీటర్లు లక్షా అరవై ఎనిమిది వేలు. ఉత్త గ్రాము చొప్పున వేసినా నూట అరవై ఎనిమిది కిలోలు. రైటే అక్కా! మన ఊహే తప్పు!" అంది.

"అంటే ఇన్నాళ్లూ రెండు క్వింటాళ్ల గాలి మధ్య కూర్చోబెట్టి పాఠం చెప్పారా సార్?" అన్నాడు డౌటు. "అందుకే నాకు నిద్రొచ్చేది."

అప్పుడు తిరిగారు ఆయన. అలా నవ్వడం ఇంట్లో తప్ప నేనెక్కడా చూడలేదు.

ఆ తర్వాత వేసవి చల్లబడలేదు కానీ తొందరగా నడిచింది. ఆయన చేతులు తొడల కిందకు వెళితే, "సార్ దుకాణం కట్టేశారు, ఇక మనకి మనమే" అని ఎవరో ఒకరు అనేవారు. ప్రతి లెక్కకూ ముందు ఒక ఊహ. చివర నమ్మొచ్చా అనే ఒక ప్రశ్న. చెప్పినంత సులువు కాదు. ఒక్కోరోజు ఒక్క లెక్కతోనే క్లాసు అయిపోయేది. సిలబస్ ఎప్పటికి పూర్తవుతుందని ప్రిన్సిపాల్‌గారు అడిగితే, "ఎక్కువ చెప్పకుండా ఉంటే పూర్తవుతుందండి" అని మా ఆయన చెప్పి వచ్చారట. ఇంట్లో ఒక సీసా మూత బిగుసుకుని, మూడు పూటలు ఎవరూ తెరవలేదు. చివరికి అది తెరుచుకున్నాక చూస్తే లోపల ఉన్నది మాకు అక్కరలేని సోడా ఉప్పు. అయినా తెరిచింది నేను.

పరీక్ష రోజున నా పక్క వరుసలో డౌటు కూర్చున్నాడు. ప్రశ్నపత్రం చేతిలో పడగానే నా వైపు చూసి, రెండు చేతులూ తొడల కింద పెట్టి చూపించి, మళ్లీ తీశాడు.

లెక్కలు నడిచాయి. ఒకచోట రెండు సీసాల ఆమ్లం కలపాలి. ఒకటి ఘాటైనది, మరొకటి పలచనిది. కలిపినదాని గాఢత కట్టాలి. కట్టాను. జవాబు ఘాటు సీసాను మించిపోయింది. రెండింటినీ కలిపితే మధ్యలో ఎక్కడో తేలాలి కదా? లైనువారీగా వెతికాను. తప్పు దొరకలేదు. మళ్లీ వెతికాను. అప్పుడు తల మీదుగా ఒక గొంతు వినిపించింది.

"ఏంటమ్మా, అడిషనల్ షీటా?"

నిఘాకు వచ్చిన మేడమ్. నా చెయ్యి బల్ల దాటి, గాలిలోకి చాచి ఉంది. వేళ్ల మధ్య పెన్ను. తీసుకునేవారు ఎవరూ లేని వైపు.

"కాదండి" అన్నాను. "ఊరికే."

చెయ్యి వెనక్కి తెచ్చుకున్నాను. ఆ ఖాళీ కాగితం మీద అలాగే ఉంది. ఈసారి దాన్ని ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. నాది. దాని ముందు కూర్చుని, ఆ రెండు సీసాలనీ నిజంగా ఒక పాత్రలో పోస్తున్నట్టు ఊహించాను. నీళ్లు పెరిగాయి. పాత్ర నిండింది. ఆమ్లం మొత్తాన్ని ఒక్క సీసా కొలతతోనే భాగించానని, రెండో సీసా నీళ్లను మరిచానని అప్పుడు తెలిసింది. దిద్దాను. జవాబు మధ్యలోకి వచ్చి కుదురుగా కూర్చుంది. దాని చుట్టూ గడి కట్టలేదు. అది ఆయన పద్ధతి. నేను కింద ఒక చిన్న గీత గీశాను.

ఫలితాలు ఫోనులో వస్తాయన్నారు. ఆ ఉదయం సోఫాలో ముగ్గురం వరసగా కూర్చున్నాం, మధ్యలో అత్తయ్య. నేను ఫోను తీయబోతే ఆమె చెయ్యి చాపారు.

"ఇటివ్వమ్మాయ్. నేను చూస్తాను."

"నీకు రాదు కదమ్మా" అన్నారు మా ఆయన.

"రాకపోతే నేర్చుకుంటాను. ఈ ఇంట్లో వేసవంతా అదే కదా జరుగుతోంది?"

మేమిద్దరం ఆమె తల మీదుగా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చేతులు తొడల కింద పెట్టుకున్నాం.

అత్తయ్య కళ్లజోడు సవరించుకుని, ఒక్కొక్క అంకే వెతికి నొక్కసాగారు. నా హాల్ టికెట్ నంబరులో సున్నాలు ఎక్కువ. సున్నా బదులు పక్కనున్నదేదో నొక్కారు. "తప్పట" అన్నారు. మొదటి నుంచి మళ్లీ. మధ్యలో ఫోను మోగింది, తెర మీద డౌటు అని. "రాంగ్ నంబరేమో" అంటూ ఆమె కట్ చేశారు. మా ఆయన గొంతులో ఏదో శబ్దం పుట్టి ఆగిపోయింది. నా మోచేతుల దాకా నరాలు లాగుతున్నాయి. సీటూ, అద్దం తలుపూ, డాక్టరుగారూ అన్నీ ఆ ఒక్క వేలి కింద ఉన్నాయి. ఆ వేలికి మాత్రం ఏ తొందరా లేదు.

"ఆఁ, ఏదో గుండ్రంగా తిరుగుతోంది" అన్నారు. "వచ్చింది. మీరు చూసుకుంటారా?"

ఫోను మా మధ్య గాలిలో నిలిచింది. ఇద్దరిలో ఎవరి చెయ్యీ లేవలేదు.

"మీరే చదవండి అత్తయ్యా."

ఆమె పైనుంచి మొదలుపెట్టారు. బోర్డు పేరు, నా పేరు, మా నాన్నగారి పేరు, పుట్టిన తేదీ. ఏదీ వదల్లేదు. "నీకు అంత వయసుందా?" అని మధ్యలో ఒక ప్రశ్న. అప్పుడు ఆగి, ఫోను దగ్గరకు తెచ్చుకుని, మళ్లీ దూరం పెట్టి చూశారు.

"కెమిస్ట్రీ... అరవై నాలుగు. పక్కన పాస్ అని ఉంది." కళ్లజోడు తీసి నా వైపు తిరిగారు. "నమ్మొచ్చా?"

"నమ్మొచ్చమ్మా" అన్నారు మా ఆయన.

చేతులు బయటికి తీశాం. చప్పట్లు కొడదామంటే కుదరలేదు. ఇద్దరికీ వేళ్ల దాకా తిమ్మిరెక్కి, ఏ చెయ్యి ఎవరిదో కాసేపు తెలియలేదు.